అరేబియాలో రెండో గోల్డ్‌ను కాపాడుకోవడం ఎలా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ అనే కంప్యూటర్ యుద్ధ గేమ్‌లో అరేబియా మ్యాప్ మీద ఒకరితో ఒకరు తలపడే గేములు ఆడుతున్నారు. మీ సైన్యంలో ఎక్కువ భాగం నైట్సే (గుర్రపు యోధులే). గేమ్‌లోని నాలుగు దశల్లో (డార్క్, ఫ్యూడల్, కాసిల్, ఇంపీరియల్ ఏజ్‌లు) మూడోదైన కాసిల్ ఏజ్ దాకా మీదే పైచేయి. 35వ నిమిషం ప్రాంతంలో ఇంటి పక్క గోల్డ్ అయిపోతుంది. రెండో గోల్డ్‌కి, అంటే ఊరి బయట ఉన్న ఇంకో గనికి, విలేజర్లను (పనివాళ్లను) పంపితే అవతలివాడు బతకనివ్వడు. మెయిన్ గోల్డ్ (ఇంటి దగ్గర గని) పక్కనే రెండు కాసిల్స్ (కోటలు) కట్టినా ఫలితం లేదు. ఇంకా ఎన్ని కట్టాలి, ఎక్కడ కట్టాలి అని అడిగారు.

కాసిల్స్ సంఖ్య పెంచితే ఇది తీరే సమస్య కాదు. నేలలో ఉన్న గోల్డ్‌ని ఎవరూ దోచుకుపోలేరు, అది అక్కడే ఉంటుంది. మీ దగ్గర నుంచి అవతలివాడు లాక్కుంటున్నది విలేజర్లు తవ్వే సమయాన్ని. ఆ సమయం ఆగకుండా చూసుకోవడమే కాపాడటం, అవతలివాడి సమయాన్ని ఆపడమే కంట్రోల్ చేయడం. గోడ కట్టినా, కాసిల్ కట్టినా, నాలుగు గుర్రాలను రైడ్‌కి (మెరుపు దాడికి) పంపినా, దీనివల్ల నావాళ్లు ఎంతసేపు ఎక్కువ తవ్వుతారు, వాడివాళ్లు ఎంతసేపు తక్కువ తవ్వుతారు అన్న ఒక్క లెక్కతోనే చూడండి.

35వ నిమిషానికే ఎందుకు ఖాళీ అవుతుందో చూద్దాం. మెయిన్ గోల్డ్ మామూలుగా 7 గడులు, గడికి 800, మొత్తం 5600. విలేజర్ నడక కూడా కలిపి చూస్తే నిమిషానికి 20 పైచిలుకు గోల్డ్ తెస్తాడు. పన్నెండు మందిని పెడితే నిమిషానికి దాదాపు 240. ఆ లెక్కన 23 నిమిషాల్లో మొత్తం ఊడ్చుకుపోతుంది. మైనింగ్ అప్‌గ్రేడ్లు చేస్తే ఇంకా ముందే. 12వ నిమిషం దగ్గర మొదలుపెట్టినవాడికి 35వ నిమిషం దగ్గర అయిపోవడంలో వింత లేదు.

ఆ 5600లో కాసిల్ ఏజ్‌కి 200, ఇంపీరియల్‌కి 800 పోతాయి. మిగిలింది 4600. నైట్‌కి 75 గోల్డ్ చొప్పున అది 61 నైట్స్‌కి వస్తుంది, అదీ బ్లాక్‌స్మిత్‌లో (ఆయుధాలు, కవచాలు మెరుగుపరిచే చోట) ఒక్క అప్‌గ్రేడూ చేయకపోతే. అంటే మెయిన్ గోల్డ్ ఒక్కదానితోనే గేమ్ ముగించాలంటే ఆ కొద్ది నైట్స్‌తోనే ముగించాలి. అలా కుదరని ప్రతి గేమూ రెండో గోల్డ్ మీదికి వెళ్తుంది. అక్కడ మామూలుగా 4 గడులు, 3200 గోల్డ్ ఉంటుంది. అలాంటిదే మూడోదీ ఉంటుంది. ఈ రెండూ ఎక్కడున్నాయో కాసిల్ ఏజ్‌లో వెతకడం ఆలస్యం. డార్క్ ఏజ్‌లో గొర్రెల కోసం స్కౌట్‌ని (దారులు వెతికే గుర్రపు సైనికుడిని) తిప్పుతున్నప్పుడే వాటిని చూసిపెట్టుకోవాలి. ఏది శత్రువు వైపు ఉంది, ఏది మీ వెనక ఉంది, ఏది గుట్ట మీద ఉంది అన్న మూడు సంగతులు అప్పటికే తెలిసి ఉండాలి.

ఇక్కడ చాలామంది ఉల్టాగా ఆలోచిస్తారు. మెయిన్ గోల్డ్ దగ్గరగా, భద్రంగా ఉంది కాబట్టి ముందు దాన్ని పూర్తిగా తవ్వేస్తారు. అది అయ్యాకే బయటికి వెళ్తారు. అప్పటికి అవతలివాడు ఇంపీరియల్‌కి చేరి ఉంటాడు, ట్రెబ్స్ (దూరం నుంచి రాళ్లు విసిరే యంత్రాలు) ఉంటాయి, మ్యాప్ మీద ఎక్కడ ఏముందో మొత్తం తెలిసి ఉంటుంది. గేమ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన సమయంలో అన్నిటికంటే ప్రమాదకరమైన చోటికి మీ విలేజర్లు వెళ్తున్నారన్నమాట. నేను చెప్పేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కాసిల్ ఏజ్‌లో మీ నైట్స్ పైచేయిగా ఉన్నప్పుడే శత్రువు వైపు ఉన్న గోల్డ్‌ని తవ్వడం మొదలుపెట్టండి. మెయిన్ గోల్డ్‌లో సగం మిగిలి ఉన్నా సరే, ఏడెనిమిది మందిని అక్కడికి పంపండి. బలం ఉన్నప్పుడు బయటిది తినాలి, బలం తగ్గినప్పుడు ఇంటిది తినాలి. "కాసిల్ ఏజ్ దాకా నాదే పైచేయి" అని మీరే రాశారు. ఆ పైచేయిని ఇప్పటిదాకా శత్రువు ఫార్ముల మీదికి దూకడానికే వాడుతున్నారు. అందులో కొంత ఈ బయటి గోల్డ్ మీద పెట్టండి.

అన్ని గేముల్లో ఇది కుదరదు. కాసిల్ ఏజ్‌లో మీరే వెనకబడి ఉంటే ముందు గోల్డ్‌కి వెళ్లడం అంటే విలేజర్లను అప్పనంగా ఇచ్చేయడమే. అప్పుడు మెయిన్ దగ్గరే ఉండండి. సైన్యం ముందంజలో ఉంటే బయటిది, లేకపోతే లోపలిది. ఈ నిర్ణయం కాసిల్ ఏజ్‌కి చేరిన రెండు మూడు నిమిషాల్లోనే తీసుకోవాలి.

ఇప్పుడు ఆ గోల్డ్ దగ్గరికే వెళ్దాం. ఎందుకంటే గేములు పోయేది అక్కడ మైనింగ్ క్యాంప్ (తవ్వినది దింపే చోటు) పెట్టే తీరులోనే. గోల్డ్ గడుల్లోంచి గుర్రం వెళ్లలేదు, అవే ఒక గోడ. కాబట్టి క్యాంప్‌ని శత్రువు వచ్చే వైపు కాకుండా మీ ఇంటి వైపు పెట్టండి. అప్పుడు మధ్యలో గోల్డ్ గడులు అడ్డు ఉంటాయి, వెనక క్యాంప్ ఉంటుంది, విలేజర్లు ఆ రెండిటి మధ్య ఇరుకులో పనిచేస్తారు. తెరిచి ఉన్న ఒక పక్కన ఒక ఇల్లు కట్టండి. ఇల్లు ఎలాగూ కట్టాలి, 25 వుడ్‌కి 5 జనాభా వస్తుంది. ఇంకో పక్కన రెండు మూడు పాలిసేడ్ (కర్ర గోడ) ముక్కలు వేయండి. ఇంతతో ఆ చోటంతా మూసుకుపోదు, మూసుకుపోకూడదు కూడా, మీవాళ్లకి దారి కావాలి. కానీ నాలుగు నైట్స్ ఒకేసారి నలుగురు విలేజర్లని కొట్టడానికి వీలుండదు. ఒక్కో గుర్రం చుట్టూ తిరిగి వచ్చే లోపు మీకు స్పందించే వ్యవధి దొరుకుతుంది.

లూమ్ చేయడం మర్చిపోవద్దు. దానికి 50 గోల్డ్ అవుతుంది. విలేజర్ ప్రాణం 25 నుంచి 40కి పెరుగుతుంది, కొద్దిగా కవచం కూడా వస్తుంది. అప్‌గ్రేడ్ లేని నైట్ చేతిలో లూమ్ లేని విలేజర్ మూడు దెబ్బలకి పోతాడు, లూమ్ ఉన్నవాడు ఐదు దెబ్బల దాకా నిలుస్తాడు. ఆ రెండు దెబ్బల తేడాలోనే అతను టీసీలోకి (టౌన్ సెంటర్, ఊరి ముఖ్య భవనం) దూరగలుగుతాడు.

ఇప్పుడు నాలుగు నైట్స్ నిజంగానే వచ్చాయి అనుకోండి. మినీమ్యాప్ మీద ఎర్రచుక్కలు కనిపించగానే చాలామంది చేసే పని టౌన్ బెల్ మోగించడం. అది మొత్తం ఊరిని ఆపేస్తుంది. అరవై మంది విలేజర్లు ఫార్ములూ చెట్లూ వదిలేసి పరుగెత్తుకొస్తారు. నాలుగు నైట్స్ గోల్డ్ దగ్గర ఒక్కడిని కూడా చంపకుండానే మీ ఎకానమీ మొత్తాన్ని అరనిమిషం ఆపేశాయన్నమాట. ఆ రైడ్‌లో అవతలివాడికి దొరికిన అసలు లాభం అదే. బెల్ జోలికి వెళ్లకండి. గోల్డ్ మీద ఉన్న ఎనిమిది మందినే ఎంచుకుని దగ్గర్లోని టీసీలోకో, కాసిల్‌లోకో గ్యారిసన్ చేయండి, అంటే లోపల దాచండి. నైట్స్ చెట్ల వైపు తిరిగితే ఆ ఎనిమిది మందిని వెంటనే బయటికి తెచ్చి మళ్లీ తవ్వించండి. ఇందుకోసం గోల్డ్ విలేజర్లకి ఒక కంట్రోల్ గ్రూప్ నంబర్ ఇచ్చుకోండి, సైన్యానికి ఇచ్చుకున్నట్టే. ఎనిమిది మంది ఒక నిమిషం ఖాళీగా ఉంటే 160 పైన గోల్డ్ పోతుంది, అంటే రెండు నైట్స్. అరవై మంది ఆగితే ఎంత నష్టమో మీరే ఊహించుకోవచ్చు.

రెండో గోల్డ్ దగ్గర కట్టాల్సింది మొదట టీసీ, కాసిల్ కాదు. టీసీకి 275 వుడ్, 100 స్టోన్. కాసిల్‌కి 650 స్టోన్. టీసీలోకి 15 మంది విలేజర్లు దూరతారు, లోపల ఉన్నవాళ్లని బట్టి బాణాలు పెరుగుతాయి, గోల్డ్ అక్కడే దింపుకోవచ్చు, పైగా ప్రతి 25 సెకన్లకి ఒక కొత్త విలేజర్ వస్తాడు. గోల్డ్‌కి ఆనుకున్నట్టు టీసీ కట్టగలిగితే విడిగా క్యాంప్ కూడా అక్కర్లేదు. కాసిల్ ఏజ్‌లో రైడ్‌కి వచ్చే నైట్స్, లైట్ క్యావల్రీ (తేలిక గుర్రపు దళం), క్రాస్‌బోల (విల్లు సైనికుల) నుంచి ఇది చాలావరకు కాపాడుతుంది. మామూలుగా మూడు టీసీలు కట్టుకుంటారు కదా, మూడోదాన్ని ఫార్ముల కోసం ఇంటి మధ్యలో కట్టకుండా ఈ గోల్డ్ దగ్గరికి జరపండి. చుట్టూ ఫార్ములు అక్కడే వేసుకోవచ్చు.

కాసిల్ పని వేరు. దాని బాణం 8 గడుల దూరం వెళ్తుంది, ట్రెబ్ రాయి 16 గడులు వెళ్తుంది. అంటే ఇంపీరియల్ ఏజ్‌లో గోల్డ్‌ని ఆనుకుని కాసిల్ కడితే శత్రువు దూరం నుంచే దాన్ని కూల్చేస్తాడు. కూలిన మరుక్షణం మీ విలేజర్లు ఆరుబయట నిలబడి ఉంటారు. మీ రెండు కాసిల్స్ విషయంలో ఇంకో పొరపాటు కూడా ఉంది. అవి అయిపోబోతున్న గోల్డ్‌ని కాశాయి, 1300 స్టోన్ అక్కడే ఇరుక్కుపోయింది, నిజంగా కావాల్సిన చోటికి వచ్చేసరికి స్టోన్ లేదు. ఇక్కడ స్టోన్ లెక్క కూడా చెప్పాలి. మొదట్లో మీ చేతిలో 200 ఉంటుంది. మెయిన్ స్టోన్ మామూలుగా 5 గడులు, గడికి 350, అంటే 1750. రెండు టీసీలు కడితే చేతిలోని 200 అక్కడే పోతుంది. 1750లో రెండు కాసిల్స్ కడితే మిగిలేది 450. మూడో కాసిల్ కావాలంటే బయట ఉన్న రెండో స్టోన్‌కి వెళ్లాలి, లేదా మార్కెట్లో కొనాలి. అందుకే ఆ రెండిటినీ ఎక్కడ పడితే అక్కడ కట్టకూడదు.

మొదటి కాసిల్‌ని రెండో గోల్డ్‌కి శత్రువు వచ్చే దారిలో, గోల్డ్‌కి కాస్త ముందుగా, వీలైతే గుట్ట మీద కట్టండి. ఎత్తు మీద ఉన్న యూనిట్ కిందున్నవాడిని కొడితే నష్టం 25 శాతం ఎక్కువ, కింద నుంచి పైకి కొడితే 25 శాతం తక్కువ. కాసిల్ ముందుకి జరగడం వల్ల శత్రువు ట్రెబ్స్ ముందు దాన్నే కొట్టాలి. అది కూలేలోపు మీ నైట్స్ ట్రెబ్స్ మీద పడొచ్చు. ట్రెబ్ రాయి విసరాలంటే విప్పుకోవాలి, కదలాలంటే మడుచుకోవాలి, ఈ రెండు పనులకీ టైం పడుతుంది. విప్పి ఉన్న ట్రెబ్ మీదికి ఆరు నైట్స్ వెళ్తే అది తప్పించుకోలేదు. కాసిల్ ఉన్నది ఈ అవకాశం మీకు ఇవ్వడానికే, గోల్డ్‌కి గొడుగు పట్టడానికి కాదు.

సైన్యాన్ని కూడా గోల్డ్ మీద కాపలాగా నిలబెట్టొద్దు. నిలబడ్డ నైట్ 60 ఫుడ్, 75 గోల్డ్ ఖర్చుపెట్టి ఏమీ తేని యూనిట్. అక్కడ నాలుగైదు స్పియర్స్ (ఈటె సైనికులు) ఉంచితే చాలు. ఒక్కోదానికి 35 ఫుడ్, 25 వుడ్, గోల్డ్ ఖర్చే లేదు, గుర్రాలని బాగా కొడతాయి. శత్రువు వచ్చే దారిలో ఒక ఔట్‌పోస్ట్ కట్టండి, లేదా పనైపోయిన పాత స్కౌట్‌ని నిలబెట్టండి. రైడ్ మీ గోల్డ్ దగ్గరికి చేరాక చూడటానికీ, పది సెకన్ల ముందు చూడటానికీ మధ్య తేడా ఐదారుగురు విలేజర్ల ప్రాణం.

మీ నైట్స్ ఎక్కడ ఉండాలి మరి? శత్రువు గోల్డ్ దగ్గర. నా దృష్టిలో కాపాడుకోవడంలో ఇదే పెద్ద భాగం, మీ గేముల్లో లోపించింది కూడా ఇదే. మీ రెండో గోల్డ్ మీద దాడి జరుగుతున్న ప్రతిసారీ అవతలివాడి గోల్డ్ హాయిగా నడుస్తోంది. అతనూ 35వ నిమిషానికి మెయిన్ గోల్డ్ అయిపోయి బయటికి రావాల్సినవాడే. అతని రెండో గోల్డ్ ఎక్కడుందో మీకు తెలిసి, అతను అక్కడ క్యాంప్ పెట్టిన నిమిషంలో మీ గుర్రాలు అక్కడుంటే అతను మీ మీదికి రావడానికి సైన్యమే మిగలదు. అక్కడ టీసీని పగలగొట్టాలని చూడకండి, విలేజర్లని వెంబడించి టీసీ బాణాల కిందికి పోకండి. వాళ్లు లోపల దూరితే చాలు, మీ పని అయింది. క్యాంప్‌ని కొట్టండి, వాళ్లు బయటికి వస్తే మళ్లీ తిరగండి.

ఇంపీరియల్ ఏజ్‌లో ఈ పనికి నైట్స్ వాడకండి. లైట్ క్యావల్రీ లేదా హుస్సార్ (దాని మెరుగైన రూపం) చాలు, ఖర్చు 80 ఫుడ్, గోల్డ్ సున్నా. గోల్డ్ ఖర్చు లేని యూనిట్‌తో అవతలివాడి గోల్డ్‌ని ఆపుతున్నారంటే ప్రతి నిమిషమూ మీ వైపు లాభమే. పది హుస్సార్లు పోయినా 800 ఫుడ్ పోతుంది, అది ఫార్ముల్లోంచి మళ్లీ వస్తుంది. వాళ్లు ఆపిన గోల్డ్ మాత్రం అవతలివాడికి ఆ సమయంలో తిరిగి రాదు. స్టేబుల్ (గుర్రాల శాల) ర్యాలీ పాయింట్‌ని, అంటే కొత్త యూనిట్లు వెళ్లి నిలిచే చోటుని, శత్రువు రెండో గోల్డ్ వైపు పెట్టేసి వరసగా హుస్సార్లని తయారు చేస్తూ ఉండండి.

రెలిక్స్ (మ్యాప్ మీద దొరికే పవిత్ర వస్తువులు) గురించి మీరు అడగలేదు. కానీ మీ సమస్యకి చవకైన మందు అదే. ఇద్దరు ఆడే అరేబియాలో ఐదు రెలిక్స్ ఉంటాయి. మొనాస్టరీలో (మఠంలో) పెట్టిన ఒక్కో రెలిక్ నిమిషానికి 30 గోల్డ్ ఇస్తుంది. గనిలో ఒక విలేజర్ తెచ్చే దానికంటే ఎక్కువ. ఆ విలేజర్ జనాభా చోటు తింటాడు, చావగలడు, గని అయిపోతుంది. రెలిక్‌కి ఈ మూడూ లేవు. ఐదూ మీ దగ్గరుంటే నిమిషానికి 150 గోల్డ్, అంటే ఒక్క విలేజర్ కూడా లేకుండా నిమిషానికి రెండు నైట్స్ గోల్డ్. 37 నిమిషాల్లో అది మెయిన్ గోల్డ్ మొత్తానికి సమానం. మూడు దొరికినా నిమిషానికి 90, ఎక్కడా తవ్వకుండానే.

ఖర్చు చూస్తే మొనాస్టరీకి 175 వుడ్, రెలిక్‌ని మోసుకొచ్చే మాంక్‌కి (సన్యాసికి) 100 గోల్డ్. ఒక్క రెలిక్ నాలుగు నిమిషాల్లోపే ఆ మాంక్ ఖర్చు తిరిగి ఇచ్చేస్తుంది. అయినా మీ స్థాయి గేముల్లో 30వ నిమిషం దాటినా రెండు మూడు రెలిక్స్ అడవి అంచున అలాగే పడి ఉంటాయి. కాసిల్ ఏజ్‌కి చేరగానే ఒక మొనాస్టరీ, రెండు మాంక్స్. మొదట శత్రువు వైపు ఉన్న రెలిక్‌కి వెళ్లండి, మీ వెనక ఉన్నదాన్ని చివర్లో తెచ్చుకోవచ్చు. గోల్డ్ విషయంలో చెప్పిన క్రమమే ఇక్కడా. రెలిక్ మోస్తున్న మాంక్ శత్రువు యూనిట్లని తన వైపు మార్చుకోలేడు, మెల్లగా నడుస్తాడు, దారిలో ఒక లైట్ క్యావల్రీ ఎదురైతే పోయినట్టే. కాబట్టి అతనికి తోడుగా ఇద్దరు నైట్స్‌ని పంపండి. మాంక్ చచ్చినా రెలిక్ కింద పడుతుందే గానీ నాశనం కాదు, మళ్లీ ఎవరైనా ఎత్తుకోవచ్చు.

మొనాస్టరీని ఊరి వెనక కట్టండి. దాన్ని పగలగొడితే లోపలి రెలిక్స్ అన్నీ బయటపడతాయి, శత్రువు మాంక్ ఎత్తుకుపోవచ్చు. ముందు వైపు కట్టిన మొనాస్టరీలో నాలుగు రెలిక్స్ పెట్టి, రెండు ట్రెబ్స్‌కి ఆ నాలుగూ ఒకేసారి పోగొట్టుకోవడం చాలా గేముల్లో చూశాను. నాలుగు దొరికితే రెండు మొనాస్టరీల్లో సర్దుకోవడం ఇంకా మేలు. అవతలివాడి మాంక్స్ మీద మీ లైట్ క్యావల్రీని వదలడం కూడా ఇందులో భాగమే, వాటికి మాంక్స్ మీద అదనపు దెబ్బ ఉంటుంది, మారడం కూడా తొందరగా మారవు. మీరు తెచ్చుకున్న రెలిక్ ఎంతో, అవతలివాడికి దక్కకుండా పోయిన రెలిక్ కూడా అంతే.

ఎంచుకున్న సివిలైజేషన్‌ని (జాతిని) బట్టి ఈ లెక్కలు మారతాయి. అజ్టెక్‌లకి రెలిక్ గోల్డ్ మూడో వంతు ఎక్కువ వస్తుంది. లిథువేనియన్‌ల నైట్స్‌కి ఒక్కో రెలిక్‌కి ఒక అటాక్ పెరుగుతుంది, నాలుగు రెలిక్స్ దాకా. వాళ్ల మీద ఆడుతున్నప్పుడు ఒక్క రెలిక్ కూడా వదలకూడదు. పోర్చుగీస్ యూనిట్లకి గోల్డ్ ఖర్చు 20 శాతం తక్కువ, అంటే వాళ్ల మెయిన్ గోల్డ్ ఎక్కువసేపు నిలుస్తుంది, వాళ్లని ఆలస్యం చేయనివ్వకండి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు ప్యాక్‌లోని ద్రవిడియన్స్ మనవాళ్లలో చాలామందికి ఇష్టమైన సివిలైజేషన్. వాళ్లకి నైట్సే లేవు, కానీ స్కర్మిషర్లు (గోల్డ్ అక్కర్లేని బల్లెం విసిరే సైనికులు) 25 శాతం వేగంగా విసురుతాయి, బ్యారక్స్ (కాలిబంట్ల శాల) పరిశోధనలు సగం ధరకే వస్తాయి. గోల్డ్ లేని చివరి యుద్ధంలో వాళ్లు గట్టిగా నిలుస్తారు. వాళ్లతో ఆడుతుంటే రెండో గోల్డ్ కోసం అంత తెగించాల్సిన పని లేదు.

మార్కెట్ సంగతి. వంద వుడ్ లేదా ఫుడ్ అమ్మితే మొదట్లో 70 గోల్డ్ వస్తుంది, అమ్మేకొద్దీ ధర పడిపోతూ చివరికి 14 దగ్గర ఆగుతుంది. ధర ఇద్దరికీ ఒకటే అన్న సంగతి చాలామంది గమనించరు. అవతలివాడు ఫుడ్ అమ్మితే మీకూ ఫుడ్ ధర పడుతుంది. కాబట్టి ముందు అమ్మినవాడిదే లాభం. గోల్డ్ అయిపోయాక అమ్మడం మొదలుపెడితే అప్పటికే ధర అట్టడుగున ఉంటుంది. మెయిన్ గోల్డ్‌లో రెండు గడులు మిగిలి ఉండగానే, మీ దగ్గర ఫుడ్‌గానీ వుడ్‌గానీ పోగుపడి ఉంటే కొద్దికొద్దిగా అమ్మండి. ఇక కాసిల్ కట్టే ఉద్దేశం లేదనుకున్నప్పుడు స్టోన్ కూడా అమ్మేయండి, దానికి మొదటి ధర మిగతావాటికంటే ఎక్కువ.

వుడ్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. అరేబియాలో వుడ్ అయిపోవడం అరుదు, వుడ్‌లైన్ (చెట్లు కొట్టే చోటు) మీద దాడి మాత్రం జరుగుతుంది, ముఖ్యంగా ఫ్యూడల్ ఏజ్‌లో ఆర్చర్స్‌తో. రెండో లంబర్ క్యాంప్‌ని ఊరికి అవతలి వైపు అడవి దగ్గర పెట్టుకుంటే ఒకటి ఆగినా ఇంకోటి నడుస్తుంది. మొదట్లో గొర్రెలని దొంగిలించడం, పందుల్ని ఎత్తుకుపోవడం కూడా వనరుల యుద్ధమే. ఒక్కో పందిలో 340 ఫుడ్, గొర్రెలో 100. మీ స్కౌట్‌తో మీ పందులు ఎక్కడున్నాయో ముందే చూసుకుని ఉంటే ఈ ఇబ్బంది పెద్దగా రాదు.

టీమ్ గేములు ఆడేటప్పుడు ఇదంతా మారిపోతుంది. అక్కడ ట్రేడ్ ఉంటుంది. ట్రేడ్ కార్ట్‌కి 100 వుడ్, 50 గోల్డ్ అవుతుంది. స్నేహితుడి మార్కెట్ ఎంత దూరంలో ఉంటే ఒక్కో ట్రిప్‌కి అంత ఎక్కువ గోల్డ్. గని ఎప్పుడైనా అయిపోతుంది, ట్రేడ్ అయిపోదు. కాబట్టి అక్కడ కాపాడాల్సింది గనిని కాదు, బండ్లు తిరిగే దారిని. మార్కెట్లని మ్యాప్ మూలల్లో కట్టుకుని ఆ దారి పొడుగునా హాల్బర్డియర్లు (స్పియర్స్‌కి చివరి అప్‌గ్రేడ్) ఉంచండి, మధ్యలో ఒక కాసిల్ ఉంటే మంచిది. ట్రేడ్ ఆలస్యంగా మొదలుపెట్టిన టీమ్‌కి చివర్లో కోలుకునే దారి ఉండదు. టీమ్‌లో మధ్య స్థానంలో ఆడేవాడు కాసిల్ ఏజ్ చివర్లోనే బండ్లు తీయడం మొదలుపెట్టాలి.

చివరిగా, గోల్డ్ నిజంగానే అయిపోయాక ఏం చేయాలి అన్నది. స్పియర్, స్కర్మిషర్, లైట్ క్యావల్రీ ఈ మూడిటితోనే ఆడాల్సిన దశ అది. దాదాపు అందరూ ఆఖరి గోల్డ్‌ని మరో పది నైట్స్ మీద పెట్టేస్తారు. అది పెట్టకండి. శత్రువు భవనాలని పగలగొట్టే యంత్రాలన్నిటికీ గోల్డ్ కావాలి. ట్రెబ్‌కి 200 వుడ్, 200 గోల్డ్. ర్యామ్‌కి (గోడలు గుద్దే బండికి) 75 గోల్డ్. బాంబార్డ్ క్యానన్‌కి (ఫిరంగికి) 225. మీ దగ్గర హాల్బర్డియర్లు రెండు వందలున్నా ట్రెబ్ లేకపోతే ఒక్క కాసిల్ ముందు నిలబడిపోతారు. అందుకే మెయిన్ గోల్డ్ చివరి రెండు గడులకి వచ్చినప్పుడు, అంటే 1600 మిగిలినప్పుడు, నైట్స్ ఆపేయండి. 1000 గోల్డ్ పక్కన పెట్టండి. అది ఐదు ట్రెబ్స్. ఒకేసారి రెండు తీసి, ముందు హాల్బర్డియర్లని పెట్టి, శత్రువు రెండో గోల్డ్‌ని కాస్తున్న కాసిల్‌ని కొట్టండి. అది కూలాక మీ హుస్సార్లు ఆ గని మీద నిలబడితే, మీ గని ఖాళీగా ఉన్నా అవతలివాడూ మీతో సమానంగా గోల్డ్ లేకుండానే ఆడాలి. అప్పటికి మీ మొనాస్టరీలో మూడు రెలిక్స్ ఉంటే తర్వాతి ట్రెబ్‌కి కావాల్సిన 200 గోల్డ్ రెండున్నర నిమిషాల్లోపే వచ్చేస్తుంది. అవతలివాడు ఒకటే పట్టుకుని ఉంటే, తనవంతు ట్రెబ్ కోసం దాదాపు ఏడు నిమిషాలు ఆగాలి.